మా అత్తమ్మ ఎండ

నమోదు ఒకటి. సోమవారం.

చల్లదనం కేంద్రం వారికి, ఏడో బాయి మూడో వరస నుంచి ఓదెలు రాస్తున్నది.

మెకానిక్ రావాలంటే ఏసీ ఎలా నడుస్తున్నదో ముందు రోజూ రాసి పంపాలన్నారు. వివరంగా, ఏదీ దాచకుండా రాయమన్నారు. సరే. దాచడం నాకు చేతకాదు. మా అత్తమ్మ ఇంట్లో ఉండగా అసలే కుదరదు.

సంగతి ఇది. మా ఏసీ నడుస్తున్నది, కానీ చల్లబరచడం లేదు. మోత మోగిస్తుంది, రెక్కలు ఊపుతుంది, గాలి కూడా వదులుతుంది. ఆ గాలి ఎవరో పరుగెత్తి వచ్చి ముఖం మీద ఊపిరి విడిచినట్టుంటుంది. గది ఎలా ఉందని అడిగితే మాత్రం తియ్యని ఆడగొంతుతో "మీ గది ఇరవై ఆరు వద్ద హాయిగా ఉన్నది" అంటుంది. నేను బనీను పిండుకుంటూ ఆ మాట వింటాను.

మామూలు రోజులైతే ఓర్చుకునేవాణ్ణి. బొగ్గు తవ్వేసిన బాయిలో కాపురం పెట్టినవాళ్ళం, ఉక్కపోత మాకు కొత్త కాదు. పైన ఎండలు మనుషుల్ని బతకనివ్వడం లేదని మా పెద్దలు కిందికి దిగారు. కింద భూమి వేడి ఉంటుందని ఎవరూ వాళ్ళకు చెప్పలేదో, చెప్పినా వినలేదో.

కానీ ఇవి మామూలు రోజులు కావు. పోయిన నెల నా భార్య నీలవ్వకు పాప పుట్టింది. తొందరపడి ముందే వచ్చేసింది. నాలుగో బాయి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉండి, ఇప్పుడు ఇంటికి రాదగ్గ బరువైంది. ఇవాళ నర్సు ఎస్తేరు వచ్చి మా గది చూసింది. గోడకు ఒక థర్మామీటర్ తగిలించింది. దాని మీద ముప్పై నాలుగు ఉంది.

"నెలలు నిండని పిల్ల. గింత వేడిల ఉంచద్దు. ఇరవై ఆరు కాడ నిలవడాలె. శనివారం మళ్ళొస్త" అంది.

"అప్పటికి కాకపోతే?"

"పాప మా కాన్నే ఉంటది."

"మరి నీలవ్వ?"

"ఆమెకు నెమ్మదైంది. ఆ మంచం ఇంకొకలకు కావాలె. ఇంటికి పంపాల్సి వస్తది."

తల్లిని పంపి బిడ్డను ఉంచుకుంటారన్నమాట. ఈ సంగతి నీలవ్వకు చెప్పొద్దు అనుకున్నాను. సాయంత్రం ఫోను చేసేసరికే ఆమెకు తెలుసు.

"పాపను ఇడిసిపెట్టి నేను రాను. ఆ ఏసీని తంతవో మొక్కుతవో, నీ ఇష్టం" అంది.

రెండూ చేశాను. ఫలితం లేదు.


నమోదు రెండు. మంగళవారం.

మీరు పంపిన సూచనల్లో మొదటిది: రిమోట్ చూసుకోండి.

చూశాను. అది చల్లదనం మీద కాదు, ఉత్త ఫ్యాను మీద ఉంది. నా సంతోషం ఏం చెప్పను. బటన్ నొక్కి, వీరుడిలా నడుముకు చేతులు పెట్టుకుని దాని ముందు నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. మోత పెరిగింది. చెమటా పెరిగింది. థర్మామీటర్‌లో పాదరసం మాత్రం నన్ను చూసి కూడా చూడనట్టే ఉంది.

ఒక్క సంగతి తెలిసింది. అది చెప్పే ఇరవై ఆరు గదిలో ఉన్నది కాదు, మనం అడిగింది. మనం కోరుకున్నది మనకే తిరిగి చెప్పి సంతోషపెడుతున్నది. ఇలాంటి మర్యాదస్తుల్ని నేను పనిచేసే చోట చూశాను గానీ ఇంట్లో చూడటం ఇదే మొదలు.

రెండో సూచన: ఫిల్టర్ కడగండి. విప్పితే లోపల బొగ్గుదుమ్ము నల్లని దుప్పటిలా పరుచుకుని ఉంది. స్నానాల తొట్టిలో వేసి కడుగుతుంటే మా అత్తమ్మ వచ్చింది.

మా అత్తమ్మ పేరు మౌనిక. ఆ తరం వాళ్ళకు అలాంటి పేర్లు పెట్టేవారు. పెట్టిన పుణ్యాత్ములెవరో, ఆమె పెద్దయ్యాక ఒక్కరోజైనా వచ్చి చూసి ఉంటే పేరు మార్చేసేవాళ్ళు.

"అల్లుడా, గా తొట్టిల నేను తానం జేస్త. బాయిల ఉన్న బొగ్గు సాలదని నా నెత్తిల గూడ వోస్తవా? అది సల్లవడకుంటే మానె. మా కాలంల ఏసీలు గింత తియ్యగ మాట్లాడకపోయేటియి గని, నోరు మూసుకోని సల్లగ జేసేటియి. ఔ గని, కాకరకాయలు తెచ్చినవా?"

తెచ్చాను. నేను దీపాల తోటలో పనిచేస్తాను. దీపాల వెలుగుకే కూరగాయలు పండిస్తాం. అత్తమ్మ మా ఇంటికి వచ్చినప్పటి నుంచి రోజూ కాకరకాయలు అడుగుతున్నది, నేను రోజూ సంచి నింపి తెస్తున్నాను. వింత ఏమిటంటే, ఇంట్లో ఒక్కరోజూ కాకరకాయ కూర వండలేదు. అడుగుదామనుకుంటాను. కానీ అత్తమ్మను ఒక ప్రశ్న అడిగితే పది ప్రశ్నలకు జవాబులు వినాలి. అందుకని ఊరుకున్నాను.

అయితే మీరు దాచవద్దన్నారు గనక రాస్తున్నాను, నాకింకో దిగులుంది. కాకరకాయల సంచి చంకన పెట్టుకుని బయటికి పోతూ అత్తమ్మ నాతో, "జర తలుపు దగ్గరకెయ్యి. ఎండకు వోయొస్త" అంది.

ఎండకు! ముప్పై ఏళ్ళ పైనే అయింది మావాళ్ళు ఎండ మొహం చూసి. నాకు ఊహ తెలిసిందే కింద. ఎండంటే నాకు బడిపిల్లలతో ఒకసారి పైకి వెళ్ళినప్పుడు ముఖద్వారం దగ్గర నిలబడి చూసిన తెల్లని మంట. ఆమె మాత్రం పక్కింటికి పోయినట్టు ఎండకు పోయొస్తానంటున్నది. పెద్దవయసులో మతి తప్పితే ఇలా పాతరోజులు కళ్ళముందుకొస్తాయని విన్నాను.

ఫిల్టర్ ఆరబెట్టి బిగించాను. ముప్పై నాలుగే.


నమోదు మూడు. బుధవారం.

మీ కేంద్రం దూరం నుంచే గ్యాస్ పరీక్షించి, నిండుగా ఉందని సందేశం పంపింది. కృతజ్ఞతలు. గ్యాస్ నిండుగా ఉంది, ఫిల్టర్ శుభ్రంగా ఉంది, రిమోట్ సరిగా ఉంది. చెమటలు కారేది ఒక్క మాకే.

ఇవాళ కొత్త రోగం మొదలైంది. కాసేపు నడిచి, గొంతు సవరించుకుని, "నేను కొంత విశ్రాంతి తీసుకుంటున్నాను" అని ఆగిపోతున్నది. గోడలోంచి వెనక్కి పోయే గొట్టం మీద చెయ్యి పెట్టాను. బొబ్బ లేచింది. అంటే ఇది పని దొంగ కాదు. లోపలి వేడిని మోసుకుని వెనక్కి తీసుకుపోతున్నది పాపం, అక్కడ దింపుకునే చోటు లేనట్టుంది. దాని మీద మొదటిసారి జాలి కలిగింది.

దానికంటే ఎక్కువగా అత్తమ్మ మీద కలిగింది. మెల్లగా పరీక్షిద్దామని పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, ఇయ్యాల ఏ వారం?"

"బుధారం."

"మనం ఏ బాయిల ఉన్నం?"

ఆమె చేతిలో కాకరకాయ కత్తిపీట పక్కన పెట్టి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మధ్యాహ్నం నీలవ్వ ఫోను చేసింది. గొంతులో ఆందోళన.

"ఏందయ్యా, నీకు వారాలు యాదికుంటలేవట? ఏ బాయిల ఉన్నవో కూడ సోయి లేదట? వేడికి నెత్తి తిరుగుతున్నదని అమ్మ ఏడుస్తున్నది."

"అది కాదు, నేను ఊకె అడిగిన..."

"ఊకెనే ఎవలన్న గట్ల అడుగుతరా?"

అసలు అనుమానం నాకు ఆమె తల్లి మీద అని ఎలా చెప్పను? ప్రసవమై నెల కూడా దాటలేదు. ఔను, ఎండదెబ్బ అనుకో అన్నాను. ఎండ ఎక్కడిదయ్యా కింద అని ఆమె కూడా ఏడ్చేసింది. తర్వాత ఏడుపు ఆపుకుని, పాప ఇవాళ తన వేలు పట్టుకుని వదల్లేదని చెప్పింది. ఎంతసేపూ పట్టుకునే ఉందట.

ముప్పై ఐదు. పెరిగింది.


నమోదు నాలుగు. గురువారం.

మీ చివరి సూచన: ఏసీ వెనక మూతికి ఏదీ అడ్డం లేకుండా చూసుకోండి.

మా వరసలోని ఇళ్ళ ఏసీలన్నీ వెనక ఉన్న వేడిగాలి దారిలోకి వేడి వదులుతాయి. ఆ దారి తలుపు మీద ఎర్ర అక్షరాలతో "ప్రవేశం లేదు" అని ఉంటుంది. నేను చదువుకున్నవాణ్ణి, అక్షరాలకు భయపడతాను. అనుమతి అడుగుతూ మీకు సందేశం పంపాను. రెండు వారాలు పడుతుందని మీరు జవాబిచ్చారు. శనివారం నర్సు వస్తుందని రాస్తే, "మీ ఓపికకు ధన్యవాదాలు" అన్నారు.

నేను ఆ తలుపు ముందే నిలబడి మీ ధన్యవాదాలు చదువుకుంటుండగా పక్కింటి హారికవ్వ వచ్చింది. తలమీద జల్లెడ, దాని నిండా పండుమిరపకాయలు. కాలితో తలుపు తన్నింది. తెరుచుకుంది.

"ఎటు వోతున్నవ్ అవ్వా?"

"ఏడికేంది? ఎండకు."

ఒకరికి మతి తప్పడం వేరు, వరస మొత్తానికి తప్పడం వేరు. ఎర్ర అక్షరాలకు మనసులోనే దండం పెట్టి అవ్వ వెనక లోపలికి వెళ్ళాను.

లోపల వేడి చెంపదెబ్బ కొట్టినట్టు తగిలింది. కళ్ళు సర్దుకున్నాక కనిపించింది చూడండి! పొడుగాటి ఆ సొరంగం నిండా తాళ్ళు, తాళ్ళ మీద చీరలు, కింద చాపలు. చాపల మీద ఎర్రగా మిరపకాయలు, తెల్లగా ఒడియాలు, సగ్గుబియ్యం అప్పడాలు. మా వరసలో నాకు తెలిసిన ముసలమ్మలంతా అక్కడే ఉన్నారు. కాళ్ళు చాపుకుని, కొంగులతో విసురుకుంటూ, లోకం మీద తీర్పులు చెబుతున్నారు. దాని పేరే ఎండ. పైనున్నదాని పేరు కిందికి తెచ్చి దీనికి పెట్టుకున్నారు. మగవాళ్ళకు చెప్పలేదు, ఎందుకంటే మగవాళ్ళు తలుపు మీద రాసింది చదువుతారు.

మా ఇంటి వెనక మూతిని గుర్తుపట్టడం కష్టం కాలేదు. దానికి డేరాలా గట్టిగా కట్టి ఉన్నది నా పెళ్ళి పంచె. వేడి ఇటూ అటూ పోకుండా చుట్టూ రాళ్ళు పెట్టి బిగించారు. డేరాలో వెదురు తట్టలు, తట్టల్లో చక్రాల్లా తరిగిన కాకరకాయలు. పక్కనే మా అత్తమ్మ.

"అల్లుడా! గీడికి మొగోళ్ళు రారాదు. ఎవలన్న జూస్తె నవ్వుతరు."

"అత్తమ్మా, ఇదంత ఏంది?"

"వరుగులు. నీలవ్వకు పత్తెం. బాలింతకు కాకర వరుగులు ఏంచి అన్నంల కలిపి పెడితెనే పాలు వడుతయి. నేను నీలవ్వను కన్నప్పుడు మా అమ్మ గవే పెట్టింది. పైన ఎండ ఉండె, తెల్లారేసరికి పరిస్తె పొద్దుగూకేసరికి గలగల లాడేటియి. ఈడ ఆరుతనే లేవు. అందుకే జర గట్టిగ గట్టిన."

"ఎప్పుడు కట్టినవ్?"

"వచ్చిన తెల్లారే."

మా ఏసీకి జబ్బు చేసింది కూడా ఆ రోజే. నేను పక్కన కూర్చుని పంచె అంచు పట్టుకున్నాను.

"ఈ వేడి ఎక్కడికెల్లి వస్తున్నదో ఎరుకేనా అత్తమ్మా?"

"గోడలకెల్లి."

"గోడవతల మన ఇల్లు. ఏసీ మన ఇంట్ల వేడి తీసి ఇటు పారబోస్తది. ఇటు మూతి కట్టేస్తె, పారబోసేతందుకు జాగ ఉండది. మళ్ళ ఇంట్లకే తెచ్చుకుంటది."

ఆమె నన్ను చూసింది, డేరాను చూసింది. పక్కనున్న ముసలమ్మలు విసురుకోవడం ఆపి ఇటు తిరిగారు.

"అంటె... నా బిడ్డ ఇంటికి రాకుంట నేనే అడ్డం వడ్డనా?"

కాదని అబద్ధం చెప్పబోయాను. ఆమె అప్పటికే లేచి ముడులు విప్పుతున్నది. ఎంత బిగించి కట్టిందో, వేళ్ళు జారిపోతున్నాయి. నేను సాయం చేయబోతే చెయ్యి తోసేసింది. చివరి ముడి విడగానే వేడిగాలి ఒక్కసారి బుస్సుమని పంచెను ఎగరేసుకుపోయి హారికవ్వ ముఖాన కొట్టింది. ఎవరూ నవ్వలేదు. హారికవ్వ కూడా మెల్లగా వెళ్ళి తన ఇంటి వెనక కట్టిన చీర విప్పింది. ఆమెను చూసి మిగతావాళ్ళూ విప్పారు.

వరుగులు సగమే ఎండాయి. ఈ తడి గాలిలో రెండు రోజులుంటే బూజు పడతాయి. అత్తమ్మ తట్టలు ఇంటికి మోసుకొచ్చి మూలన పెట్టింది. అన్నం తినలేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె మాటలు ఎక్కువని ఇన్నాళ్ళూ వెనక నవ్వుకున్నవాణ్ణి, ఇప్పుడు ఏదన్నా ఒకటి అంటే బాగుండునని ఆమె చుట్టూ తిరిగాను. బొగ్గు తొట్టి గురించి కూడా తిట్టలేదు.

థర్మామీటర్ ముప్పై ఒకటి. దిగుతున్నది. అయినా ఇంట్లో సంబరపడటానికి ఎవరికీ మనసు రాలేదు.


నమోదు ఐదు. శుక్రవారం.

పొద్దున లేచేసరికి ఇరవై ఆరు. ఏసీ ఎప్పటిలాగే "మీ గది ఇరవై ఆరు వద్ద హాయిగా ఉన్నది" అంది. పాపం, నిజం చెప్పడం అలవాటు లేని గొంతు కదా, ఏ మార్పూ లేదు.

మీ సందేశం కూడా అందింది. మూడో వరసలోని ఏసీలన్నిటినీ మీ నిపుణులు దూరం నుంచే బాగుచేశారని రాశారు. హారికవ్వకు చదివి వినిపించాను. ఆమె మీకు ఆశీస్సులు చెప్పమంది. అవి ఏ రకం ఆశీస్సులో రాయడం బాగుండదు.

నేను పనికి సెలవు పెట్టి అత్తమ్మతో, "చీర మార్చుకో, పోదాం" అన్నాను.

"ఏడికి?"

"ఎండకు. అసలు ఎండకు."

తట్టలు రెండు చేతులా పట్టుకుని బండెక్కి పైకి పోయాం. ముఖద్వారం దగ్గర కాపలాదారు శ్రావణ్ తాత పని ఏమిటని అడిగాడు. వరుగులు ఎండబెట్టాలన్నాను. పైకి వచ్చేవాళ్ళు తీగలు సరిచేయడానికో, గాలిమరలు చూడటానికో వస్తారట. ఇలాంటి పని మీద ఎవరూ రాలేదన్నాడు. అయినా ఆయన తట్టలోంచి ఒక చక్రం తీసి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"మా అమ్మ చేసేది" అని ఎండ తగలకుండా తొడుక్కునే వెండిరంగు కోట్లు రెండు తెచ్చి ఇచ్చాడు. "ఈల ఊదంగనే లోపటికి రావాలె. ఆలిస్యం జేస్తే తోలు ఊడుతది."

బయటికి అడుగు పెట్టాం. ఎక్కడా స్విచ్చి లేని వెలుగు అది. చివర కనిపించడం లేదు. నాకు కళ్ళు తిరిగి అత్తమ్మ భుజం పట్టుకున్నాను. ఆమె మాత్రం వంటింట్లోకి పోయినట్టు నేరుగా నడిచి, పాత ఇనుప రేకుల మీద వరుగులు వేళ్ళతో పలచగా పరిచింది. ఒకదాని మీద ఒకటి పడకుండా, వంగి వంగి, ఒక్కొక్కటీ సర్దింది.

తర్వాత నిలబడి కోటు చెయ్యి పైకి లాక్కుని, మోచేతి దాకా ఎండలో పెట్టింది.

"అత్తమ్మా, కాలుతది!"

"కాలనియ్యి. చిన్నప్పుడు దీన్ని మస్తు తిట్టేటోళ్ళం, అల్లుడా. పొద్దుగూకదా, పోదా అని. పోయినంక ఎరుకైంది." చెయ్యి వెల్లకిలా తిప్పి మళ్ళీ అంది. "నా బిడ్డకు నడక నేర్పింది ఎండల్నే. నీలవ్వకు యాదికి లేదు. వాకిట్ల కాళ్ళు కాలుతుంటే ఎగిరెగిరి నడిచేది."

ఈల వినిపించింది. ఆమె కదల్లేదు. రెండోసారి ఈల ఊదినప్పుడు నేను చెయ్యి పట్టుకుని లాగాను. వరుగులు తీసి తట్టలో వేస్తుంటే గలగలమన్నాయి. ఆ చప్పుడు విని ఆమె నిన్నటి నుంచి మొదటిసారి నవ్వింది.

కిందికి దిగేదాకా మాట్లాడుతూనే ఉంది. శ్రావణ్ తాత ఇంటిపేరు, వాళ్ళ ఊరు, ఆయన కోడలి గుణం, అన్నీ అంత తక్కువసేపట్లో ఎలా తెలుసుకుందో నాకు అంతుపట్టలేదు. ఎర్రబడిన చేతికి వెన్న రాస్తుంటే కూడా ఆగలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది.


నమోదు ఆరు. శనివారం.

ఎస్తేరు వచ్చింది. గోడ మీద థర్మామీటర్ చూసింది. నమ్మకం లేక ఇంకొకటి సంచిలోంచి తీసి చూసింది. గదంతా తిరిగి, మూలల్లో చెయ్యి పెట్టి చూసి, "తీస్కపోండ్రి మీ పిల్లను" అంది.

మధ్యాహ్నానికి నీలవ్వ వచ్చింది, ఒడిలో పాప. తలుపు దగ్గర అత్తమ్మ దిష్టి తీసింది. నీలవ్వ లోపలికి వచ్చి, గది మధ్యలో నిలబడి, కళ్ళు మూసుకుని ఆ చల్లగాలిని పీల్చుకుంది. నేను పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క నిమిషానికి చెల్లిపోయాయి.

ఆ నిమిషం అయిపోగానే అత్తమ్మ దూదుండలు తెచ్చి కూతురి రెండు చెవుల్లోనూ కుక్కింది. తలకు రుమాలు కట్టింది. కాళ్ళకు మేజోళ్ళు తొడిగింది. ఒంటి మీద ఉన్ని దుప్పటి కప్పింది. ఆ పైన నా వైపు తిరిగి, "ఇంక గది బంద్ జెయ్యి" అంది.

"ఏది?"

"గా ఏసీ. పచ్చి బాలింతకు గింత సల్లగాలి తాకుతదా ఎవలన్న? వాతం గొడతది."

నేను ఎస్తేరు వైపు చూశాను. ఆమె నవ్వాపుకుంటూ, గది పాప కోసం చల్లగా ఉండాలనీ, తల్లి కావాలంటే దుప్పటి కప్పుకోవచ్చనీ చెప్పింది. "వరుగులు పెట్టచ్చా?" అని అత్తమ్మ అడిగింది. "పెట్టు. నాకు గూడ జర పెట్టు" అంది ఎస్తేరు.

ముగ్గురూ నేల మీద కూర్చుని తిన్నారు. నేయి, వెల్లుల్లి, వేయించిన వరుగులు. నీలవ్వ మొదటి ముద్దకే ముఖం చేదుగా పెట్టి, తర్వాత గిన్నెంతా ఊడ్చేసింది.

ఎస్తేరు పోతూ పోతూ నాకొక సంగతి నేర్పింది. పాపకు చలి పెడుతున్నదో లేదో కాళ్ళు ముట్టుకుని చూడకూడదట, పసికాళ్ళు ఎప్పుడూ చల్లగానే ఉంటాయట. రొమ్ము మీద చెయ్యి పెట్టి చూడాలట. ఇప్పుడే పెట్టి చూశాను. నా అరచేయంత కూడా లేదు ఆ రొమ్ము. వెచ్చగా ఉంది. లోపల ఏదో టకటకమని తొందరపడుతున్నది, అలాగే తొందరపడి కదా ముందే వచ్చేసింది.

మెకానిక్‌ను పంపనక్కరలేదు. ఇంకా రాయాల్సింది ఉంది గానీ ఆపేస్తున్నాను. నేను బటన్లు నొక్కే చప్పుడుకు పాప లేచేట్టుందని నీలవ్వ కళ్ళెర్ర చేస్తున్నది. ఆమె పక్కన గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని, గురక పెడుతున్న మా అత్తమ్మను మాత్రం ఏమీ అనడం లేదు.